తువ్వాలు కింద సగం కోడి

మా అనకాపల్లిలో బెల్లం బాగుందో లేదో చెప్పాలంటే ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి గాని, మనిషికి మతి బాగుందో లేదో చెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని ఉంటే చాలు. మా చిన్నాన్న మాట్లాడడం మానేసిన ఏడాది నాకీ సంగతి తెలిసొచ్చింది. ఆ ఏడాది మా గుమ్మం తొక్కిన ప్రతివాడూ వైద్యుడే. చెప్పులు విడుస్తూ రోగం చెప్పేవాడు, కాఫీ తాగుతూ మందు చెప్పేవాడు, మళ్ళీ చెప్పులు తొడుక్కుంటూ మందు పనిచెయ్యకపోతే తన పూచీ లేదని చెప్పి వెళ్ళేవాడు.

మాది బెల్లం వ్యాపారం. నాన్న కొట్టులో గద్దె మీద కూర్చుని అరిచేవాడు. చిన్నాన్న బజార్లో నిలబడి బేరం చేసేవాడు. బేరం అంటే గొంతు చించుకోవడం అని తెలియనివాళ్ళు అనుకుంటారు. మా బజార్లో అసలు బేరం తువ్వాలు కింద జరుగుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఇన్ని వేళ్ళు నొక్కితే ఇంత. వేలి నడిమి కణుపు గిల్లితే సగం. అరచేతిలో గోటితో గీరితే, ఆ మాట నా దగ్గర ఎత్తకు అని. పైన మాత్రం ఇద్దరూ ఆకాశం కేసి చూస్తూ వాన గురించీ, ఇంట్లో కాన్పుల గురించీ మాట్లాడుకుంటారు. చుట్టూ మూగినవాళ్ళకి ధర తెలియకూడదని ఈ ఏర్పాటు. ఈ విద్యలో చిన్నాన్న చేతికి బజారంతా పేరుంది. నేను ఆయన పక్కన నిలబడి నేర్చుకుంటున్న కుర్రాణ్ణి. మీ చిన్నాన్న నోటితో పొగిడితే అనుమానం వేస్తుంది గాని గోటితో తిడితే గౌరవంగా ఉంటుందని ఒక చోడవరం వ్యాపారి నాతో అన్నాడు.

పగలంతా తువ్వాలు కింద దాచినదాన్ని చిన్నాన్న సాయంత్రం ఇంటికొచ్చి పిన్నికి చెప్పేవాడు. వాళ్ళ గదికీ నేను పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే. ఎవడు ఎంత దగ్గర మొదలుపెట్టాడు, ఎక్కడ దిగాడు, ఎవడి చెయ్యి చెమట పట్టింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. పిన్ని ఏమనేదో మాత్రం ఎప్పుడూ వినపడలేదు. చాలా నెమ్మది మనిషి. ఇంట్లో ఉందో లేదో తెలియాలంటే పులుసు రుచి చూడాలి.

విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డ వేసవిలో సగం పట్నం రైలెక్కి, బండెక్కి, కాళ్ళకి పనిచెప్పి ఇటు వచ్చేసింది. మా వాటాకి మా మేనత్త, ఆవిడ భర్త, వాళ్ళ ట్రంకుపెట్టెలు, నాలుగు రోజులు తలదాచుకోవడానికి మరో పదిమంది చుట్టాలు వచ్చారు. ఈ మావయ్య పట్నంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. బాంబు చప్పుడు స్వయంగా విన్న మనిషి కనక ఇంట్లో ఆయనకి పెద్దపీట. వచ్చిన రోజు ఆ బాంబు రేవులో పడింది. వారం తిరిగేసరికి ఆయన వీధి చివర పడింది. అమ్మ పెసరట్లు వేసిన రోజున సరాసరి ఆయన పెరట్లో, కరివేపాకు చెట్టు పక్కన పడింది.

ఆ గందరగోళంలోనే పిన్నికి జ్వరం తగిలింది. ఇల్లు నిండా మనుషులు, వంటింట్లో పొయ్యి ఆరేది కాదు. జ్వరంతోనే ఆవిడ ఆ పొయ్యి ముందు కూర్చునేది. పడుకోమని చెప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. తీరిక చిక్కేసరికి ఆవిడే లేదు. శారదానది ఒడ్డున కాల్చి వచ్చాం. బళ్ళు దొరకవు, బ్రాహ్మడు దొరకడు, దొరికిన బ్రాహ్మడికి సైరన్ మోగుతుందేమోనని భయం. మంత్రాలు చదివాడు గాని పరుగుపందెంలా చదివాడు. ఇక ఏడవడానికి ఇంట్లో చోటు లేదు. ఏ మూల చూసినా ఎవరో ఒకరు పడుకుని ఉన్నారు. కర్మ పూర్తి కాకుండానే పిన్ని గదిలోకి మావయ్య ట్రంకుపెట్టెలు వెళ్ళాయి. గది ఖాళీగానే ఉంది కదా అని ఆయన ఉద్దేశం. చిన్నాన్న తన చాప తీసుకుని పెరటి వసారాలోకి పోయాడు. పోయినవాడు మాట్లాడడం మానేశాడు.

మొదట్లో ఎవరూ గమనించలేదు. మావయ్య ఉన్న ఇంట్లో ఇంకొకరు మాట్లాడడం లేదని తెలియడానికి కొంత కాలం పడుతుంది. తరవాత చిన్నాన్న బజారుకి వెళ్ళడం మానేశాడు. కంచంలో వడ్డించింది వడ్డించినట్టే ఉండేది. కొత్త బెల్లం బళ్ళు దిగే రోజులు దగ్గర పడ్డాయి. బేరం చెయ్యాల్సిన మనిషి వసారాలో గోడకి ఆనుకుని తన అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. నాన్నకి భయం పట్టుకుంది. కొంత తమ్ముడి కోసం, కొంత బెల్లం కోసం. ఏది ఎంతో నేను తూచలేదు.

అప్పుడు మావయ్య పిచ్చాసుపత్రి మాట ఎత్తాడు. విశాఖపట్నంలో ఉంది, తనకి తెలిసినవాళ్ళున్నారు, తనే దగ్గరుండి చేర్పిస్తానన్నాడు. ఇది నరాల నీరసమని, పట్నంలో అయితే ఇంగ్లీషులో చూస్తారని చెప్పాడు. నాన్న తల ఊపాడు. మా నాయనమ్మ తల ఊపలేదు. ఆవిడ చిన్నాన్నని కన్న తల్లి, ఆ ఇంట్లో ఎవరికీ భయపడని ఒకే మనిషి.

"పట్నం పట్నవంతా పేనాలు సేతబట్టుకుని ఇటు పారిపోయొత్తే, నోరు లేనోణ్ణి సూసి అటు పంపుతారేట్రా?"

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్యకి మా ఊరి దేవత నూకాలమ్మ జాతర వెళ్ళేదాకా నాయనమ్మకి గడువు. అప్పటికీ చిన్నాన్న నోరు విప్పకపోతే మర్నాడే రైలు.

నాయనమ్మ వ్యాపారి కూతురు, వ్యాపారి పెళ్ళాం. మచ్చు చూడకుండా దేన్నీ కొనదు. దేవుళ్ళనీ దెయ్యాలనీ కూడా అలాగే ఒక్కొక్క ముక్క విరిపించి చూసింది.

మొదట సోది చెప్పే ఆవిడని పిలిచారు. ఆవిడ వసారాలో కూర్చుని, కళ్ళు తేలేసి, పిన్నినే తన మీదికి రప్పించింది. వచ్చిన పిన్ని పట్టుచీర అడిగింది, అద్దం అడిగింది, తనని పట్టించుకోలేదని ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దులిపింది. వీధి చివరిదాకా వినపడింది. పిన్ని బతికుండగా అందులో పదోవంతు గట్టిగా మాట్లాడినా ఆవిడకి జ్వరమన్న సంగతి మాకు అప్పుడే తెలిసేదని నేను అమ్మతో అన్నాను. అమ్మ నవ్వలేదు. చిన్నాన్న ఆ గొంతు ఒక్క క్షణం విని, లేచి, బావి దగ్గరికి పోయి కూర్చున్నాడు. పిన్ని గొంతు తెలిసినవాడు ఇంట్లో ఆయనొక్కడే మరి.

తరవాత సత్రంలో దిగిన ఒక స్వామివారు. కాషాయం, కమండలం, మంచి ఆకలి. అంతా మాయ అని చెబుతూ మా కొత్త బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. అది మాయ కాదని తేలడంతో ఇంకొకటి వేసుకున్నాడు. తరవాత చిన్నాన్న ఎదట కూర్చుని చాలాసేపు చూశాడు. తను పన్నెండేళ్ళుగా ప్రయత్నిస్తున్న మౌనం ఈ గృహస్థుకి ఇట్టే సిద్ధించిందని, ఈయన రోగి కాదు సిద్ధుడని ప్రకటించి, చిన్నాన్న కాళ్ళకి దండం పెట్టాడు. మర్నాటి నుంచి వీధిలో ఆడవాళ్ళు పూలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. పిచ్చివాడో సిద్ధుడో ఇంకా తేలలేదు కనక ఇద్దరికీ పనికొచ్చేలా అరటిపళ్ళు తెచ్చేవారు. నాన్న కూడా రెండు రోజులు ఆలోచనలో పడ్డాడు. ఇంట్లో ఒక సిద్ధుడుంటే కొట్టుకి మంచిదే. మూడో రోజు ఒకావిడ చిన్నాన్న ఒళ్ళో ఏడుస్తున్న పసివాణ్ణి పడేసి దిష్టి తియ్యమంది. చిన్నాన్న ఆ పిల్లవాడికేసి చూసి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, తల్లి చేతికి ఇచ్చేశాడు. నాయనమ్మ ఆ సాయంత్రం పూలన్నీ గేదెకి వేసి తలుపు గడియ పెట్టింది.

జాతర దగ్గరపడింది. ఊళ్ళో రంగులరాట్నాల మేకులు దిగుతున్నాయి. మావయ్య రైలు వేళలు కనుక్కుని వచ్చి, ఎవరూ అడక్కుండానే రోజుకోసారి చెప్పేవాడు.

రోలుగుంట అవతల కొండమీద పోడు చేసుకునే ఒక కుటుంబం ఏటా చింతపండు, పసుపు దింపుకుని, మా అరుగు మీద ఓ పూట తలవాల్చి వెళ్ళేది. వాళ్ళ మాట మీద నాయనమ్మ వాళ్ళ దిసారికి కబురంపింది. కొండమీద పంచాంగం, పురోహితుడు, వైద్యుడు అన్నీ ఆయనే. నేనేదో జడలు కట్టిన ముసలాయన వస్తాడనుకున్నాను. వచ్చినాయన నడివయసు మనిషి, తలకి నూనె దట్టంగా రాసుకున్నాడు, చెవికి బీడీ. దిగీ దిగగానే ఇక్కడ రైలు ఎటేపు పోద్దని అడిగాడు. రైలు చూడ్డానికి కొండ దిగాడో, మా చిన్నాన్నని చూడ్డానికి దిగాడో అప్పట్లో నాకు తేలలేదు. తనంతటి దిసారి ఆ చుట్టుపట్ల లేడని మాత్రం తనే తేల్చి చెప్పాడు.

దీపాలు పెట్టే వేళకి వసారాలో చేట పెట్టించి, అందులో బియ్యం పోసి, పక్కన దీపం ఉంచాడు. పద్ధతి ఏమిటంటే, ఒక చేత్తో బియ్యం గింజలు జతలు జతలుగా తీస్తూ, రెండో చేత్తో రోగి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోవాలి. గింజ ఒంటిగా మిగిలిన చోట ఆగితే, పోయినవాళ్ళు ఆ వేళ్ళలోంచి జవాబు చెబుతారు. వాళ్ళు వచ్చే చోట వెలుతురు పడకూడదు కనక చేతుల మీద గుడ్డ కప్పాలి. ఏదైనా గుడ్డ ఇమ్మంటే అమ్మ దండెం మీద చేతికందింది ఇచ్చింది. అది చిన్నాన్న బజారు తువ్వాలు.

దిసారి ఏదో గొణుక్కుంటూ వేళ్ళు నొక్కసాగాడు. కొంతసేపు ఏమీ లేదు. మావయ్య ఆవలించాడు. ఉన్నట్టుండి దిసారి గొణుగుడు ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. తువ్వాలు కింద ఏదో కదిలింది.

"వచ్చింది. మూడు అడుగుతన్నాది," అన్నాడు.

మూడు ఏమిటని నాన్న అడిగాడు. కోళ్ళని, ఇంకేమడుగుతారని దిసారి విసుక్కున్నాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కదిలింది. ఈసారి ఆయన మొహంలో భక్తి తగ్గి అయోమయం వచ్చింది. "తగ్గింది. రెండు. రెండూ, దాని మీద సగం." తనలో తనే ఇంకోసారి చూసుకున్నాడు. "అవును, సగవే. సగం కోడి ఏటి, ఎప్పుడూ ఎవులూ అడగలేదు."

ఇక సగం కోడి మీద చర్చ. కోడిపిల్ల అయ్యుంటుందని నాన్న. సగం కోడి అంటే తర్కానికి గుడ్డు అవుతుందని మావయ్య. పిన్నికి కోడి తినే అలవాటు తక్కువ కనక సగం చాలు అనుకుని ఉంటుందని మేనత్త. అందరికందరూ పోయినావిడ మనసు ఎరిగినవాళ్ళే. ఉన్నప్పుడు ఈ పరిశోధన ఏమయిందో తెలియదు.

నేను చిన్నాన్న మొహం చూశాను. ఆయన చూరుకేసి చూస్తున్నాడు. వాన వస్తుందా రాదా అన్నట్టు తీరిగ్గా. ఆ చూపు నేను బజార్లో వందసార్లు చూసిందే. ఇంతలో దిసారి "అబ్బ" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అరచెయ్యి దీపం ముందు పెట్టి చూసుకున్నాడు. పొడుగ్గా గోటిగీత.

నాకు నవ్వు ఆగలేదు. దెయ్యమూ కాదు, పిన్నీ కాదు, బేరం అని చెప్పాను. కొండమీద మనిషి వేళ్ళు నొక్కుకుంటూ పోతే చిన్నాన్నకి అది ధర చెబుతున్నట్టు తోచింది. ఆ ధర ఆయనకి నచ్చలేదు. అంతే. నేను దిసారి స్థానంలో కూర్చుని, తువ్వాలు కింద చెయ్యి పెట్టి, మొన్న వచ్చిన బండి సరుకుకి సిగ్గుమాలిన ధర ఒకటి నొక్కాను. ఆ చెయ్యి ఎండిపోయి, చల్లగా ఉంది. కాని వెంటనే తిరిగి నొక్కింది. కణుపు గిల్లింది. నేను ఇంకా తగ్గించాను. నాకూ ఒక గీత పడింది.

అందరూ నవ్వారు. దిసారి పరువు పోయిందని నేననుకున్నాను. ఆయన అలా అనుకున్నట్టు లేదు. చెవి మీది బీడీ తీసి దీపానికి అంటించుకున్నాడు.

"బేరవే అనుకో బాబూ. మరి ఇన్నాళ్ళూ మీరెవులూ ఈయన సెయ్యి పట్టుకోలేదేటి?"

ఆయన ఇంకోటి అడిగాడు. పోయిన అమ్మని ఇంటికి తెచ్చారా అని. మేం మొహాలు చూసుకున్నాం. కాల్చి, ఎముకలు ఏట్లో కలిపాం కదా, ఇంకా తేవడం ఏమిటన్నాడు నాన్న. దిసారి మమ్మల్ని చాలా వెనకబడినవాళ్ళని చూసినట్టు చూశాడు. తమ కొండమీద పోయినవాళ్ళని కాల్చిన చోట ఒగ్గేసి రారని, ఇంటికి పిలుచుకొచ్చి ఒక మూల దీపం పెడతారని చెప్పాడు. లేకపోతే వాళ్ళు దారిలో ఉంటారు, ఇంట్లోవాళ్ళలో ఒకరు వాళ్ళతో పాటు దారిలో ఉండిపోతారు. ఈ ఇంట్లో ఆ అమ్మ మూల ఏది అని అడిగాడు. చూపులన్నీ పిన్ని గదిలోని ట్రంకుపెట్టెల మీదికి పోయాయి. మావయ్య నీళ్ళు తోడించమని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎవరికీ పట్టలేదు. నాన్నకి పట్టింది ఒక్కటే: తమ్ముడు బేరం చెయ్యగలడు. మర్నాడే చిన్నాన్నకి స్నానం చేయించి, తువ్వాలు భుజాన వేసి బజారుకి తీసుకెళ్ళాడు. చిన్నాన్న చేశాడు. నోరు విప్పకుండా, వెనకటికంటే బాగా చేశాడు. ఆ పనికి నోరు అక్కర్లేదని ఊరికి అప్పుడు గుర్తొచ్చింది. మహిమ అన్నారు. సోది ఆవిడ పట్టుచీర కోసం వచ్చింది. స్వామివారు సిద్ధుడికి తన దీవెన ఫలించిందని చెప్పి బెల్లం పట్టుకెళ్ళాడు. నాన్నయితే రోగం కుదిరిందని తీర్మానించేశాడు. కొట్టుకి పనికొచ్చే మనిషికి రోగం ఎలా ఉంటుంది.

ఇంటికొచ్చాక చిన్నాన్న మళ్ళీ వసారాలో చాప మీదే. కంచం మళ్ళీ నిండుగానే. నాయనమ్మ ఒక్కతే ఆ కంచం కేసి చూసేది.

జాతర ఇక నాలుగు రోజులుందనగా బజార్లో ఒకటి జరిగింది. చిన్నాన్న చోడవరం వ్యాపారితో బేరం తెగ్గొట్టాడు. తెగాక తువ్వాలు తీసెయ్యాలి. చిన్నాన్న తియ్యలేదు. ఆ చెయ్యి వదల్లేదు. ఏవో నొక్కుతూనే ఉన్నాడు. మూడు, ఒకటి, సగం, మళ్ళీ మూడు. ధరలు కావవి. ఏ సరుకువీ కావు. ఆ వ్యాపారి మంచివాడు కనక చాలాసేపు నిలబడ్డాడు. వాన గురించి చెప్పాల్సిందంతా చెప్పేశాడు. కాన్పులూ అయిపోయాయి. చివరికి మెల్లిగా చెయ్యి విడిపించుకుని, తువ్వాలుతో తన కళ్ళే తుడుచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆ కబురు ఊరంతా పాకింది. నాన్న ఇంటికొచ్చి, తలపాగా తీసి, అమావాస్య మర్నాటి రైలుకే అన్నాడు. ఈసారి ఆయన గొంతులో బెల్లం లేదు, తమ్ముడే ఉన్నాడు. అందుకే నాకు భయం వేసింది.

నాయనమ్మ వాదించలేదు. కొండకి మళ్ళీ కబురంపింది. అమావాస్య నాడు పొద్దున్నే మూటలు మోసే కళాసీల్ని ఇద్దర్ని పిలిచి మావయ్య ట్రంకుపెట్టెలు సావిట్లో పెట్టించింది. గది కడిగించింది. మావయ్య సావిట్లో దోమలున్నాయని మొరపెట్టుకున్నాడు.

"బాంబు పెరట్లో పడితేనే బెదరనోరు, దోమలకి బెదురుతారేటి అల్లుడుగారూ," అంది నాయనమ్మ. ఆ బాంబుని అంత దగ్గరికి తెచ్చుకున్నందుకు మావయ్య మొదటిసారి బాధపడ్డాడు.

పొద్దు వాలే వేళకి దిసారి, నాన్న, చిన్నాన్న, నేను ఏటి ఒడ్డుకి వెళ్ళాం. పిన్నిని కాల్చిన చోట దిసారి వంగి, నేలతో మాట్లాడుతున్నట్టు ఏదో అన్నాడు. పిడికెడు ఇసుక మట్టిముంతలో పోసి, మీద ప్రమిద వెలిగించి, చిన్నాన్న చేతిలో పెట్టాడు. ఇంటిదాకా దించకూడదు. వెనక్కి చూడకూడదు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు లోపల తలుపేసుకుని ఎవరొచ్చారని అడుగుతారు. మోసుకొచ్చినవాడే చెప్పాలి. చెప్పకపోతే తలుపు తియ్యరు. ఆవిడ తిరిగి ఏటికి పోతుంది, మళ్ళీ పిలిస్తే రాదు. ఇది విన్నాక నాన్న నాకేసి చూశాడు. మాట్లాడని మనిషికి ఇంతకంటే గొప్ప పరీక్ష పెట్టడం పట్నం డాక్టర్ల వల్ల కూడా కాదని నేననుకున్నాను.

దారిలో రైలు గేటు పడింది. పట్టాలకి ఇవతల జాతరకి వచ్చిన జనం, అవతల జాతర నుంచి వెళ్ళే జనం, మధ్యలో యుద్ధం సామాను మోసుకుంటూ తెగని గూడ్సు బండి. పోయినవాళ్ళయినా సరే గేటు తీసేదాకా ఆగాలి. చిన్నాన్న ముంత పట్టుకుని నిలబడ్డాడు. దిసారి పెట్టెలు లెక్కపెడుతూ, నోరు తెరుచుకుని, ఆ నిమిషంలో అందరికంటే ధన్యుడిలా ఉన్నాడు. వేరుశెనగకాయలవాడొకడు ముంతలో ఏముందని నన్ను అడిగాడు. మా పిన్ని అన్నాను. వాడు ఓ పొట్లం ధర తగ్గించి ఇచ్చాడు.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి వీధంతా అరుగుల మీదికి చేరింది. జాతరలో ఆటలు చూసింది చాలక ఇదొకటి. తలుపు మూసి ఉంది. లోపలినుంచి నాయనమ్మ గొంతు అడిగింది.

"ఎవులొచ్చేరు?"

చిన్నాన్న నిలబడ్డాడు. పెదవులు కదల్లేదు. నాయనమ్మ మళ్ళీ అడిగింది. దిసారి కళ్ళు మూసుకున్నాడు. నాన్న తనే చెప్పబోతే దిసారి ఆయన చెయ్యి పట్టి ఆపాడు. మావయ్య అరుగు చివర నిలబడి గడియారం చూసుకున్నాడు. చిన్నాన్న కుడిచెయ్యి ముంత కింద నుంచి జారి తలుపు దాకా వెళ్ళింది. వేళ్ళతో చెక్క మీద నొక్కాడు. మూడు, ఒకటి, సగం. చెక్క ఏం చెబుతుంది. ప్రమిదలో నూనె కాగి, మట్టి వేడెక్కి, ఎడమచెయ్యి వేళ్ళు మార్చి మార్చి పట్టుకోవడం నాకు కనపడుతూనే ఉంది.

"అమ్మా, ముంత కాలిపోతన్నాది. తలుపు తియ్యి."

తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది ఆ గొంతు. అరుగుల మీద జనం గుప్పున లేచారు. ఇన్ని నెలల మౌనం తరవాత వెలువడిన దివ్యవాక్కు ఇదీ. స్వామివారు దీని మీద ఏం వ్యాఖ్యానం చెబుతారోనని నాకు తోచింది. లోపల అమ్మ ఏడుపు వినపడింది, గడియ కదిలిన చప్పుడు వినపడింది, దాన్ని మళ్ళీ వేసేసిన చప్పుడూ వినపడింది. నాయనమ్మ అమ్మని తియ్యనివ్వలేదు.

"ఎవులొచ్చేరో సెప్పు. తీత్తాను."

చిన్నాన్న ముంతని రెండు చేతులా పొట్టకి ఆనించుకున్నాడు. తలుపుకేసి కాదు, ముంతకేసి చూశాడు.

"మేం ఇద్దరం వచ్చేం," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. నేను ఆ సమయానికి ఏదో ఒక చమత్కారం అనాలని చాలా వెతుక్కున్నాను. దొరికి ఉంటే ముక్కు చీదుకోవడం కాస్త కప్పిపుచ్చుకునేవాణ్ణి.

దిసారి మాత్రం తన లెక్క మరవలేదు. ఆవిడ అడిగింది అడిగినట్టు ఇవ్వాలని పట్టుబట్టాడు. రెండు కోళ్ళు కాళ్ళు కట్టి ఆయన బుట్టలో వేశాం. మూడోదాన్ని నాయనమ్మ వండింది. సగం ఆకులో కట్టి దిసారికి ఇచ్చింది. మిగతా సగం కంచంలో పెట్టి, పిన్ని గదిలో దీపం ముందు కాసేపు ఉంచి, ఆ కంచమే తీసి చిన్నాన్న ముందు పెట్టింది. చిన్నాన్న తిన్నాడు. ఎముకలు కూడా చప్పరించి మరీ తిన్నాడు. బేరంలో తగ్గిన ఆ సగం ఎవరి కోసం మిగిలిందో మావయ్య తర్కానికి చివరిదాకా అందలేదు.

మర్నాటి రైలుకి చిన్నాన్న వెళ్ళలేదు. మావయ్య వెళ్ళాడు. బాంబులు పడ్డం ఎప్పుడో మానేశాయి, సావిట్లో దోమలు మాత్రం మానలేదు. పట్నంలో ఆయన ఈ వైద్యమంతా తన సలహా మీదే జరిగిందని చెప్పుకుంటున్నట్టు మేనత్త చెప్పింది. అందులో కొంత నిజముంది. ఆయన గది ఖాళీ చెయ్యకపోతే ఏదీ జరిగేది కాదు.

యుద్ధం అయిపోయింది. చిన్నాన్నకి పూర్తిగా నయమైందా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని అడుగుతారు. దిసారి మహిమ అని కొందరు, నూకాలమ్మ దయ అని కొందరు, చెయ్యి కాలితే ఎవడైనా అరుస్తాడని కొందరు. నేను మూడో పక్షం వాణ్ణే, కాని గట్టిగా వాదించను. కొన్ని రోజులు ఆయన అసలు మాట్లాడడు. కొన్ని రోజులు కంచంలో సగం వదిలేస్తాడు. బజార్లో నాకు ఎదురుపడితే మాత్రం తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకుని, నేను ఆ పూట చేసిన బేరం ఎంత దరిద్రంగా ఉందో గోటితో చెబుతాడు.

సాయంత్రాలు గోడ అవతల ఆ గదిలో దీపం పెట్టాక చిన్నాన్న గొంతు వినపడుతుంది. ఎవడు ఎంత దగ్గర మొదలుపెట్టాడు, ఎక్కడ దిగాడు, ఎవడి చెయ్యి చెమట పట్టింది. అటునుంచి జవాబు వినపడదు. వెనక మాత్రం ఎప్పుడు వినపడింది గనక. పిన్ని చాలా నెమ్మది మనిషి.